సూరత్ సాంచాల సందుల్లో వంద సీసీ బండి

వరంగల్, కరీంనగర్, నల్గొండ వైపు ఊళ్లలో ఏ ఇంటి ముందైనా జీజే 05 నంబరున్న స్ప్లెండరు కనబడిందంటే, ఆ ఇంటివాళ్లు సూరత్‌లో ఉన్నారనో, ఉండి వచ్చారనో లెక్క. జీజే 05 సూరత్ ఆర్టీవో వాళ్లిచ్చే నంబరు. నేతపనికి పోయిన పద్మశాలీలు దశాబ్దాలుగా అక్కడ లింబాయత్, ఉధ్నా, డిండోలి ప్రాంతాల్లో ఇళ్లు కట్టుకుని ఉంటున్నారు. సూరత్ మున్సిపల్ కార్పొరేషన్ గుజరాతీ, మరాఠీ, హిందీ, ఉర్దూ, ఒడియాలతో పాటు తెలుగు మీడియంలోనూ బడులు నడుపుతోందంటే మనవాళ్లు అక్కడ ఎంతగా వేళ్లూనుకున్నారో తెలుస్తుంది. వాళ్ల ఇళ్లలో సాంచా (మరమగ్గం) తర్వాత అంతటి ముఖ్యమైన యంత్రం వంద సీసీల మోటారుసైకిలే. జీతం రాళ్లు పోగేసి, వాయిదాల మీద కొని, పదిహేనేళ్లు నడిపించే ఆ బండి ఎక్కడ పుట్టి ఎలా వచ్చిందో చెప్పుకోవాల్సిన కథ.

మోటారుసైకిలు మూలాలు వెతికితే 1885 దాకా పోవాలి. జర్మనీలో డైమ్లర్, మేబాఖ్ అనే ఇద్దరు ఇంజనీర్లు చెక్క చట్రానికి పెట్రోలు ఇంజను బిగించి నడిపించారు. కానీ రోజూ పనికి పోయే బండి చరిత్ర అక్కడిది కాదు. అది యుద్ధంలో ఓడి చితికిపోయిన జపాన్‌లో మొదలైంది. 1946లో సొయిచిరో హోండా అనే మెకానిక్, సైన్యం వాడి వదిలేసిన వైర్‌లెస్ సెట్ల జనరేటర్ల చిన్న ఇంజన్లను సంపాదించి సైకిళ్లకు బిగించడం మొదలుపెట్టాడు. తిండిగింజల కోసం సైకిలు మీద దూరాలు తొక్కుతున్న భార్యను చూసి ఆయనకు ఆ ఆలోచన వచ్చిందని చెబుతారు. రెండేళ్లకు, 1948లో, హోండా కంపెనీ పెట్టాడు.

అసలు మలుపు 1958లో వచ్చిన సూపర్ కబ్. హోండా భాగస్వామి తకేవో ఫుజిసావా వ్యాపారం చూసుకునేవాడు. నూడుల్స్ హోటలు కుర్రాడు ఒక చేత్తో పళ్లెం పట్టుకుని, రెండో చేత్తో నడపగలిగేలా బండి ఉండాలని ఆయన పట్టుబట్టాడు. అందుకే దానికి క్లచ్ లివరే పెట్టలేదు. ఆ రోజుల్లో చిన్న బండ్లలో చాలావాటికి టూ స్ట్రోక్ ఇంజన్లే. వాటిలో నూనె పెట్రోలుతో కలిసి కాలిపోతుంది, పొగ వస్తుంది, ప్లగ్గు మసి పడుతుంది. హోండా 49 సీసీల బుల్లి ఇంజన్ను కూడా ఫోర్ స్ట్రోక్‌గానే చేశాడు. నూనె అడుగున ఉండి భాగాలను తడుపుతుందే తప్ప కాలదు. సిలిండరును నిటారుగా నిలబెట్టకుండా ముందు చక్రం వైపు పడుకోబెట్టాడు. 2017 నాటికి సూపర్ కబ్బులు 10 కోట్లు తయారయ్యాయి. ప్రపంచంలో ఇంకే మోటారు వాహనమూ ఆ లెక్కకు చేరలేదు. స్ప్లెండరు పక్కన గొంతు కూర్చుని చూడండి. ట్యాంకు కింద సిలిండరు ఇప్పటికీ అలాగే పడుకుని ఉంటుంది.

మన దేశంలో 1955లో మద్రాసులో బుల్లెట్ల తయారీ మొదలైంది. తర్వాత మైసూరు జావా, ఎస్కార్ట్స్ వాళ్ల రాజ్‌దూత్ వచ్చాయి. మధ్యతరగతికి స్కూటరే కల. బజాజ్ స్కూటరుకు డబ్బు కట్టి ఏళ్ల తరబడి ఎదురుచూసేవారు, కట్నాల్లో అడిగేవారు. కూలి మనిషికి మాత్రం సైకిలే దిక్కు. 1980లో వచ్చిన టీవీఎస్ 50 పల్లెల్లో పాలవాళ్లకూ చిన్న వ్యాపారులకూ కొంత ఊరటనిచ్చింది. 1980ల మొదట్లో ప్రభుత్వం జపాన్ కంపెనీలతో కలిసి బండ్లు తయారుచేయడానికి అనుమతులిచ్చింది. ఇండ్ సుజుకీ, యమహా ఆర్ఎక్స్ 100, కవాసాకీ బజాజ్ వరుసగా దిగాయి. అన్నీ టూ స్ట్రోకులే. ఆర్ఎక్స్ 100 శబ్దం చెవిన పడితే ఇప్పటికీ తల తిప్పి చూసేవాళ్లున్నారు.

ఆ గుంపులో ఫోర్ స్ట్రోక్‌తో వచ్చింది హీరో హోండా ఒక్కటే. హీరో అంటే లూథియానాలో 1956 నుంచి సైకిళ్లు చేస్తున్న ముంజాల్ సోదరుల సంస్థ. దేశ విభజనకు ముందు వాళ్లు ఇప్పటి పాకిస్తాన్‌లోని కమాలియా నుంచి వచ్చినవాళ్లు. సైకిలు తొక్కేవాడి జేబులో ఎంత ఉంటుందో వాళ్లకు తెలిసినంతగా ఇంకే కంపెనీకీ తెలియదు. 1985లో హర్యానాలోని ధారూహేడా ఫ్యాక్టరీ నుంచి సీడీ 100 బయటికి వచ్చింది. 97.2 సీసీలు, నాలుగు గేర్లు, చైనుకు నిండా రేకు తొడుగు. పెట్రోలు పోయించు, మూత పెట్టు, మరిచిపో అన్నది దాని ప్రకటన సారాంశం. లీటరుకు 80 కిలోమీటర్లు వస్తాయన్న మాట దేశాన్ని ఊపేసింది. 1994లో అదే ఇంజనుతో కొంచెం సోకుగా స్ప్లెండరు వచ్చింది. కాలుష్య నిబంధనలు 1996లోనూ 2000లోనూ బిగిసేసరికి టూ స్ట్రోకులు ఒక్కొక్కటే తప్పుకున్నాయి. 2001కల్లా హీరో హోండా ప్రపంచంలోకెల్లా ఎక్కువ ద్విచక్రవాహనాలు చేసే కంపెనీ అయింది. 2010 చివర్లో ఇద్దరూ విడిపోయారు. హీరో మోటోకార్ప్ అని పేరు మారింది గానీ ఇంజను మారలేదు.

స్ప్లెండరు పుట్టిన 1994 సూరత్‌కు చెడ్డ ఏడాది. సెప్టెంబరులో ప్లేగు భయంతో లక్షల మంది రైళ్లెక్కి ఊళ్లకు పారిపోయారు. మరుసటి ఏడాది మున్సిపల్ కమిషనర్‌గా వచ్చిన సూర్యదేవర రామచంద్రరావు చెత్త ఎత్తించడంతో ఆగలేదు, ఆక్రమణలు కొట్టించి రోడ్లు వెడల్పు చేయించారు. వెళ్లినవాళ్లు తిరిగొచ్చారు. బాగుపడ్డ ఆ రోడ్ల మీదే సూరత్ బండెక్కింది. ముంబైలో నేతకార్మికుడికి లోకల్ రైలుంది. సూరత్‌లో అలాంటిది లేదు. బీఆర్టీఎస్ బస్సులు 2014లో గానీ రాలేదు, మెట్రోకు శంకుస్థాపన 2021లో జరిగింది. షేర్ ఆటో ఉన్నా, పన్నెండు గంటల షిఫ్టుకు పొద్దున ఏడింటికల్లా సాంచా దగ్గర నిలబడాల్సినవాడు దాన్ని నమ్ముకోలేడు. ఆలస్యమైతే ఆ పూట కూలి పోతుంది. ఇళ్లలో ఆడవాళ్లు చీరలకు రాళ్లు అంటించి, లేసు కుట్టి సంపాదిస్తారు. ఆ చీరల మూటలు రింగ్ రోడ్డు మార్కెట్ల నుంచి ఇంటికి, ఇంటి నుంచి మార్కెట్లకు తిరిగేది వెనక సీటు మీదనే. అందుకే సూరత్‌లో ఈ బండిని సోకు అనడం నాకు నచ్చదు. అది పనిముట్టు, మగ్గానికి నాడె ఎంతో నేతకార్మికుడికిది అంత.

పనిముట్టు అన్నాక దాని బాగోగులు ఊరిని బట్టి ఉంటాయి. సాంచాల గల్లీల్లో గాలి నిండా దారపు నూగు. అది ఎయిర్ ఫిల్టరులో పేరుకుంటే ఇంజను ఊపిరాడక పెట్రోలు ఎక్కువ తాగుతుంది. మైలేజీ పడిపోయిందని కార్బొరేటర్ విప్పించే ముందు ఫిల్టరు తీసి చూడడం తెలివైన పని. ఇంజను రెక్కల మధ్య నూగూ జిడ్డూ కలిసి గడ్డకడితే గాలితో చల్లబడే ఇంజను చల్లబడదు. చైను తొడుగులో ఉంది కదా అని మరిచిపోతాం. బరువు మూటలు మోసే బండికి చైను తొందరగా వదులవుతుంది. తొడుగుకున్న రబ్బరు మూత తీసి వేలితో పైకీ కిందికీ ఆడించి చూస్తే తెలిసిపోతుంది. సాంచా నడిపేవాళ్లకు ఒక వరముంది. వంద సాంచాల హోరులో కూడా తమ సాంచా శబ్దం మారితే పసిగట్టే చెవి వాళ్లది. టాపెట్ల టకటక, క్లచ్ హౌసింగ్ గరగర, బోరుకొచ్చిన ఇంజను డొల్ల మోత వాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు.

2006 ఆగస్టులో ఉకాయ్ డ్యాము గేట్లెత్తితే తాపీ నది ఊరి మీద పడింది. నగరంలో చాలా భాగం రోజుల తరబడి నీళ్లలో ఉంది. బండ్లన్నీ మునిగాయి. మునిగిన బండికి చేయకూడని పని కిక్కు కొట్టడం. సిలిండరులో నీళ్లుంటే అవి నలగవు, కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. ప్లగ్గు విప్పాలి, అడుగు బోల్టు తీసి నూనె వంచేయాలి. నూనె పాలలా తెల్లగా దిగితే లోపల నీళ్లు కలిసినట్టే. కొత్త నూనె పోసి, కాసేపు తిప్పి, దాన్నీ తీసేసి మళ్లీ పోయాలి. ఇలా బతికించుకోగలిగేంత సులువైన ఇంజను కావడం వల్లే వరదల నగరంలో ఈ బండి నిలబడింది.

సూరత్ బండికి గుజరాత్ బయట అంతగా కనబడని ఒక నగ కూడా ఉంది. సంక్రాంతి నాటి ఉత్తరాయణ్‌కు గాలిపటాల గాజుదారం రోడ్లకు అడ్డంగా వేలాడుతుంది. వంతెన మీద బండిపై పోయేవాడి మెడకు అది కత్తే. అందుకని హ్యాండిల్‌కు ఇటు నుంచి అటు, తల ఎత్తుకు వచ్చేలా సన్నటి ఇనుప కడ్డీని విల్లులా వంచి బిగిస్తారు. దారం దానికి తగిలి పైకి జారిపోతుంది. పండగ రోజుల్లో ద్విచక్రవాహనాలను ఫ్లై ఓవర్ల మీదకు రానివ్వకుండా పోలీసులు ఉత్తర్వులిస్తారు. ఆ కడ్డీ చవకే. జనవరి మొదట్లోనే పెట్టించుకోవాలి, మెడకు మఫ్లరు చుట్టుకోవాలి, హెల్మెట్ సరేసరి.

ఊరికి తిరిగిపోయేవాళ్లు బండిని అమ్ముకోరు, రైల్లో వేస్తారు. అహ్మదాబాద్ నుంచి చెన్నై పోయే నవజీవన్ ఎక్స్‌ప్రెస్ సూరత్ మీదుగా వరంగల్‌కు వస్తుంది. పార్సెల్ ఆఫీసులో ఆర్సీ నకలు, గుర్తింపు కార్డు చూపాలి. ట్యాంకులో చుక్క పెట్రోలు లేకుండా తీసేయాలి. హెడ్‌లైటు, ట్యాంకు, ఇండికేటర్లకు గడ్డీ గోనెసంచీ చుట్టి సుతిలితో కుట్టి, పేరూ దిగే స్టేషనూ రాసిన అట్టముక్క కట్టాలి. ఇంతవరకూ అందరూ శ్రద్ధగా చేస్తారు. తర్వాతి పనే వదిలేస్తారు. వేరే రాష్ట్రంలో పన్నెండు నెలలకు మించి బండి ఉంటే అక్కడి నంబరు తీసుకోవాలని చట్టం. సూరత్ ఆర్టీవో దగ్గర ఎన్‌వోసీ తీసుకోకుండా వచ్చేస్తే, దానికోసం మళ్లీ వెయ్యి కిలోమీటర్ల వ్యవహారం. పదిహేనేళ్లకు రిజిస్ట్రేషను పొడిగించుకోవాల్సి వచ్చినప్పుడు ఈ కాగితం లేకే చాలా బండ్లు చెట్టు కింద తుప్పుపడుతున్నాయి.

2020 ఏప్రిల్ నుంచి బీఎస్ 6 నిబంధనలతో కార్బొరేటరు పోయి ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. చోక్ లాగడం, గాలి స్క్రూ తిప్పడం కొత్త బండ్లకు లేదు. గల్లీ మెకానిక్ పానాతో పాటు స్కానరూ కొనుక్కోవాల్సి వస్తోంది. పెట్రోలులో ఇథనాల్ 20 శాతానికి పెరిగింది, పాత బండ్ల రబ్బరు పైపులూ వాషర్లూ దానికోసం చేసినవి కావు, కాబట్టి పదేళ్లు దాటిన బండికి వాటిని ఓసారి చూపించడం మంచిది.

మరిచిపో అన్న ఆ పాత ప్రకటన ఎన్నో ఇంజన్లను తినేసింది. ఈ బండిలో పట్టేది లీటరుకు అటూఇటూగా నూనె. క్రాంకుకూ గేర్లకూ క్లచ్ ప్లేట్లకూ అదొక్కటే నూనె. కారులో లాగా నూనె తగ్గిందని చెప్పే లైటు దీనికి లేదు. మొదట్లో పావువంతు తగ్గినా తెలియదు, తెలిసేనాటికి ఇంజను బోరుకు వస్తుంది. ఆ ఖర్చు నెల కూలిలో పెద్ద ముక్క. సూరత్‌లో ఉన్నా సిరిసిల్లలో ఉన్నా, ఈ ఆదివారం బండిని చదునైన చోట సెంటర్ స్టాండు వేసి, ఆయిల్ మూత విప్పి, దానికున్న పుల్లను గుడ్డతో తుడిచి ముంచి చూడండి. పుల్ల మీద రెండు గీతల మధ్య నూనె లేకపోతే, బండిని కదిలించే ముందే నూనె పోయించండి.