కొసరు, అసలు

కిందటి ఏడాది ఏప్రిల్లో కాశీబుగ్గ వెళ్ళినప్పుడు మా చిన్నాన్న బీరువాలోంచి ఒక ప్లాస్టిక్ కవరు తీసి నా ముందు పెట్టాడు. అందులో ఆరు నెలల క్రెడిట్ కార్డు స్టేట్‌మెంట్లు వరసగా మడతపెట్టి ఉన్నాయి. "ఒరే, కంప్యూటర్లు సదివినావు గదా, ఇదేటో సూడు. నెలనెలా కడతన్నాను గానీ తగ్గట్లేదు" అన్నాడు.

చూశాను. సెప్టెంబరులో విశాఖపట్నంలో ఒక పెద్ద దుకాణంలో 38,000 రూపాయలకి ఫ్రిజ్ కొన్నాడు. ఆ దుకాణం పేరుతోనే ఒక బ్యాంకు ఇచ్చే రివార్డుల కార్డు అది. (పేర్లు రాయను. ఇది ఆ ఒక్క దుకాణం కథ కాదు, ఆ ఒక్క బ్యాంకు కథా కాదు.) అప్పటికి ఆయన జేబులో నగదు ఉంది. బిల్లు కౌంటరు దగ్గర టై కట్టుకున్న కుర్రాడు "కార్డు తీసుకోండి అంకుల్, నూటికి రెండు పాయింట్లు, మొదటి ఏడాది ఫీజు లేదు, డబ్బు నెల తరవాత కట్టొచ్చు" అన్నాడు. కొన్నేళ్ళు చిన్న జీడిపిక్కల బట్టీ నడిపినందువల్ల చిన్నాన్నకి ఇన్‌కంటాక్స్ రిటర్నులున్నాయి, కాబట్టి కార్డు సులువుగానే వచ్చింది. చేతిలో మిగిలిన నగదు మా చిన్నమ్మ తమ్ముడి కిడ్నీ పరీక్షలకి వెళ్ళిపోయింది. ఉద్దానంలో డబ్బు ఎటు పోయిందని అడిగితే వచ్చే జవాబుల్లో ఇదొకటి. ఆ తరవాత ప్రతి నెలా బిల్లు మీద పెద్ద అక్షరాల్లో కనిపించే 'మినిమం డ్యూ' కట్టుకుంటూ వచ్చాడు. అదే వాయిదా అనుకున్నాడు.

లెక్క ఇదీ. వడ్డీ నెలకి 3.5 శాతం. నెలంతా 38,000 బాకీ ఉందనుకుంటే వడ్డీ 1,330 రూపాయలు. దాని మీద 18 శాతం జీఎస్టీ ఇంకో 239. మినిమం డ్యూ ఐదు శాతం, అంటే 1,900. ఆయన కట్టిన 1,900లో 1,569 వడ్డీకీ పన్నుకీ పోతే అసలులోంచి తగ్గింది 331 రూపాయలు. ఆరు నెలల్లో పదకొండు వేల పైచిలుకు కట్టాడు. బాకీ ఇంకా ముప్పై ఆరు వేలుంది. వచ్చిన పాయింట్లు 760. పాయింటుకి పావలా చొప్పున 190 రూపాయలు. కానీ వెయ్యి పాయింట్లయితేగానీ వాడుకోనివ్వరు.

"వడ్డీ ఎంతరా?" అన్నాడు.

"నెలకి మూడున్నర శాతం" అన్నాను. ఆయన మొహంలో ఏ మార్పూ లేదు. అప్పుడు తట్టి, "మూడున్నర రూపాయల వడ్డీ" అన్నాను.

"మూడున్నరా! మనూళ్ళో మూడుకిచ్చినోడి మొహమే సూడరు గదరా!"

ఈ వ్యాసం రాయాలనిపించింది ఆ క్షణంలోనే. ఆయనకి లెక్క రాక కాదు. ఉద్దానంలో పుట్టిన ఏ మనిషికైనా నూటికి రెండు రూపాయల వడ్డీకీ మూడు రూపాయల వడ్డీకీ తేడా చదువు లేకుండానే తెలుసు. ఆయనకి తెలిసిన భాషలో ఆ అంకెని ఎవరూ చెప్పలేదు, అంతే. కొసరుని మాత్రం ఆయన భాషలోనే చెప్పారు.

కొసరు మాటకి ఇంగ్లీషులో రివార్డు అన్నది సరిపోదు. రివార్డంటే ఏదో గొప్ప పని చేసినందుకిచ్చే బహుమానం. కొసరు అలా కాదు. బేరం అయిపోయి తూకం తేలిపోయాక అమ్మేవాడు మీద వేసే ఇంకో గుప్పెడు అది. అడిగి వేయించుకోవాలి, అదీ హక్కుగా అడగాలి. మా మామ్మ మాత్రం కొసరుని ఎప్పుడూ నమ్మేది కాదు. "ఆడు కొసరేసినాడంటే తూకంలో ముందే తీసినాడన్నమాట" అనేది. ఆవిడకి ఆ సంగతి బాగానే తెలుసు. ఎందుకంటే కొట్టు మాదే.

వజ్రపుకొత్తూరు మండలంలోని ఒక ఊళ్ళో మా తాత కిరాణా కొట్టు నడిపాడు. ఎర్రగుడ్డ అట్ట వేసిన పొడవాటి పద్దు పుస్తకాలు రెండు ఇప్పటికీ మా ఇంట్లో ఉన్నాయి. మనిషి పేరు, దాని కింద బెల్లం, కిరసనాయిలు, ఎండు చేపలు, చుట్టలు, పక్కన అణా పైసల్లోనో నయాపైసల్లోనో అంకెలు. తేదీలు వరసగా ఉంటాయి గానీ జమలు అలా ఉండవు. నెలల తరబడి అన్నీ ఖర్చులే. మార్చి చివర్నించి మే దాకా ఒక్కసారిగా జమలు కనిపిస్తాయి. జీడిపిక్కలు రాలే కాలం అది. మా తాతకి బిల్లు తేదీ అంటూ లేదు, పంటే తేదీ. అంతకుముందు తరంలో రంగం వెళ్ళిన మనుషులుండేవారు. వాళ్ళ ఇంటివాళ్ళకి అరువిచ్చేవాళ్ళు బర్మా నుంచి డబ్బొచ్చేదాకా ఆగేవారట. 1942లో జపానువాళ్ళు రంగూను పట్టుకున్నాక ఆ అరువులెన్ని తీరి ఉంటాయో ఊహించుకోవచ్చు.

ఇక్కడిదాకా చదివి, అబ్బ, పాతకాలం ఎంత మంచిదో అనుకునేవాళ్ళు కాస్త ఆగాలి. ఆ పద్దుల్లో వడ్డీ అనే మాట ఎక్కడా లేదు. చాలాకాలం అది మా తాత మంచితనం అనుకున్నాను. తరవాత తెలిసింది, అరువున్నవాళ్ళు పిక్కలు మా కొట్టుకే కొలవాలి, ధర మా తాత చెప్పినదే. బయట బస్తాకి ఎంత పలుకుతోందో వాళ్ళకి తెలిసినా ఒకటే, తెలియకపోయినా ఒకటే. వడ్డీ అంతా ఆ ధరలో ఉంది. పిల్లలొస్తే చేతిలో పెట్టే బెల్లం ముక్క కొసరు. ఆ ముక్క కోసం పిల్లలూ, అరువు కోసం పెద్దలూ వేరే కొట్టుకి వెళ్ళలేరు. వినియోగదారుణ్ణి దుకాణానికి కట్టేసే ఏర్పాటుని మా రంగంలో 'లాయల్టీ' అంటారు. నేను ఒక దుకాణాల గొలుసుకి అలాంటి పాయింట్ల సాఫ్ట్‌వేర్ రెండేళ్ళు రాశాను గనక చెబుతున్నాను, మా తాత కొట్టులో దాని కోడ్ అంతా ముందే ఉంది.

ఈ కట్టు తెంపాలని ఈ నేల మీద గట్టిగానే ప్రయత్నించారు. 1938లో రాజాజీ మంత్రివర్గం మద్రాసు రైతు రుణ విమోచన చట్టం తెచ్చింది. 1932 అక్టోబరుకి ముందు చేసిన బాకీల మీద 1937 అక్టోబరు 1 నాటికి పేరుకున్న వడ్డీ రద్దు. అసలుకి రెట్టింపు కట్టి ఉంటే బాకీయే రద్దు. కొత్త అప్పుల మీద వడ్డీ రూపాయికి నెలకి ఒక పై, అంటే ఏడాదికి 6.25 శాతం. రూపాయికి 192 పైలున్న రోజులవి. శాతాల్లో కాకుండా రూపాయికి నెలకి ఇంత అని చెబితే కట్టేవాడికి ఎంత సులువుగా అర్థమవుతుందో! రెండేళ్ళ తరవాత, 1940 మార్చిలో, అఖిల భారత కిసాన్ సభ మహాసభ పలాసలో జరిగింది. అధ్యక్షుడిగా ఎన్నికైన రాహుల్ సాంకృత్యాయన్ అప్పటికే అరెస్టయ్యాడు. ఆ వెంటనే మందస జమీందారీలో రైతుల మీద కాల్పులు జరిగి వీర గున్నమ్మ ప్రాణం పోయింది. అక్కడి గొడవ అడవి మీద హక్కులది, అప్పులది కాదు. కానీ జమీందారుకి శిస్తు, షావుకారుకి వడ్డీ కట్టేది ఒకే చెయ్యి.

1968 నవంబరులో ఉద్దానంలో గరుడభద్రలో రైతు కూలీలు భూస్వామి పంట కోసుకుపోవడంతో మొదలైనదాని గురించి ఈ పత్రిక పాఠకులకి కొత్తగా చెప్పక్కర్లేదు. పంచాది కృష్ణమూర్తి, బొడ్డపాడు సుబ్బారావు పాణిగ్రాహి ఇద్దరూ 1969లోనే చనిపోయారు. ఆ రోజుల్లో శ్రీకాకుళం పల్లెల్లో షావుకార్ల ఇళ్ళ నుంచి ప్రోనోట్లు, బాకీ కాగితాలు తెచ్చి తగలబెట్టారు. మా తాత ఆ ఏడాదంతా పద్దు పుస్తకాలు కొట్టులో ఉంచలేదట, తేగల పాతరలో దాచాడట. మా ఇంట్లో ఈ సంగతి ఇప్పటికీ నవ్వుతూ చెప్పుకుంటారు. వింటున్నప్పుడల్లా నాకు పూర్తిగా నవ్వు రాదు. కాలిపోవాల్సిన కాగితాల జాబితాలో మావీ ఉన్నాయి మరి.

కాళీపట్నం రామారావుగారి 'యజ్ఞం' మొదటిసారి ఇంజనీరింగులో ఉన్నప్పుడు చదివాను. అందులోని ఊరి పెద్దలు చెడ్డవాళ్ళు కాదు. అప్పుంది, కాగితముంది, ఇచ్చినవాడు ఇచ్చాడు, పుచ్చుకున్నవాడు పుచ్చుకున్నాడు, తీర్పు సబబుగానే ఉంటుంది. ఆ సబబు తీర్పు చివరికి ఒక పసివాడి ప్రాణం దాకా వెళ్తుంది. అప్పట్లో నాకు ఆ కథలో ముగింపే గుర్తుండిపోయింది. ఈసారి స్టేట్‌మెంట్లు ముందు పెట్టుకుని మళ్ళీ చదివితే నన్ను పట్టుకున్నది మధ్యలో జరిగే లెక్కలు. ఎవరూ అబద్ధమాడకుండానే ఒక మనిషి అప్పులో కూరుకుపోవడం. మా చిన్నాన్న సంతకం పెట్టిన కాగితంలో కూడా ఒక్క అబద్ధం లేదు. 3.5 శాతం అని చిన్న అక్షరాల్లో ఉంది, నేను చదివాను.

కార్డు మన తెలుగువాళ్ళకి మరీ పరాయిది కాదు. 1923లో మచిలీపట్నంలో భోగరాజు పట్టాభి సీతారామయ్య స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 1981లోనే క్రెడిట్ కార్డు ఇచ్చింది. దేశంలో మొదట ఇచ్చినవాటిల్లో అదొకటి. ఆ కార్డుని మా ఊళ్ళో ఎవరూ చూసి ఉండరు. ఆ బ్యాంకు కూడా 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. దుకాణమే కార్డిచ్చి, కొన్నదాంట్లో కొంత వెనక్కివ్వడం పెద్ద ఎత్తున జరిగింది అమెరికాలో. సియర్స్ అనే దుకాణాల గొలుసు 1986లో డిస్కవర్ కార్డుని దేశమంతటా విడుదల చేసింది. ఏటా రుసుము లేదు, ఖర్చు మీద కొంత నగదు వెనక్కి. కొసరుకి అమెరికా పేరు క్యాష్‌బ్యాక్. ఆ వెనక్కిచ్చే డబ్బు కొంత ప్రతి అమ్మకం మీదా వర్తకుడు కట్టే రుసుములోంచి, కొంత బాకీ పూర్తిగా కట్టలేనివాళ్ళ వడ్డీలోంచి వస్తుంది. నెలనెలా పూర్తిగా కట్టేసే నాలాంటి జీతగాడికి విమాన టికెట్ మీద దొరికే తగ్గింపులో చిన్నాన్న కట్టిన 1,569 ఒక పిసరు ఉంటుంది. బెల్లం ముక్క ఇప్పుడు నా చేతిలో ఉంది.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. జీడితోటలు, కొబ్బరితోటలు వేళ్ళతో సహా లేచిపోయాయి. జీడి మొక్క నాటితే కాపుకి మూడు నాలుగేళ్ళు పడుతుంది, కొబ్బరికి ఇంకా ఎక్కువ. ఆ నెలలోనే అమెజాన్ పే ఐసీఐసీఐ కార్డు మన దేశంలో మొదలైంది, మరుసటి ఏడాది ఫ్లిప్‌కార్ట్ యాక్సిస్ కార్డు వచ్చింది. (చిన్నాన్న కార్డు ఈ రెండూ కాదు.) ఈ రెంటికీ తుపానుతో సంబంధం లేదని తెలుసు. కానీ నాలుగేళ్ళ దాకా కాయని చెట్టుకీ, నెల తిరక్కుండా వచ్చే బిల్లుకీ మధ్య మా వాళ్ళు ఎలా బతికారన్నది ఆలోచించాల్సిన విషయమే. కొంతమంది కిరాణా కొట్లవాళ్ళు ఆగారు. ఆగనివాళ్ళూ ఉన్నారు. కార్డుకి ఆగడం అనేది లేదు. అది ఆగకపోవడం క్రూరత్వం కాదు, కోడ్‌లో ఆ ఫీల్డు లేదు.

కాలదోషం గురించి కూడా చెప్పాలి. ప్రోనోటుకి మూడేళ్ళని మా ఊళ్ళో చదువు లేనివాళ్ళకీ తెలుసు. నేను రాసిన సాఫ్ట్‌వేర్‌లో పాయింట్లకి రెండేళ్ళు. పాయింటంటే లెక్క ప్రకారం దుకాణం మనకి బాకీ, దాని పుస్తకాల్లో అప్పుల వైపే రాసుకుంటారు. అందులో కొంత ఎప్పటికీ ఎవరూ అడగరని ముందే అంచనా వేసి దాన్ని ఆదాయంలోకి తెస్తారు. 'బ్రేకేజ్' అంటారు. ఆ అంచనా వేసే మాడ్యూలు నాదే. అప్పుడు బాగా పనిచేసిందని మెచ్చుకున్నారు కూడా. అందులో 760 పాయింట్లున్న మనిషి వెయ్యికి చేరతాడా లేదా అన్నది ఒక సంభావ్యత.

వడ్డీకి పరిమితి పెట్టాలని ప్రయత్నం జరగకపోలేదు. 2008లో జాతీయ వినియోగదారుల కమిషన్ ఏడాదికి 30 శాతం మించితే అది అనుచిత వ్యాపార పద్ధతి అంది. 2024 డిసెంబరు 20న సుప్రీంకోర్టు ఆ తీర్పుని కొట్టేసింది. మూడున్నర రూపాయల వడ్డీ ఏడాదికి 42. అది ఇప్పుడు పూర్తిగా చట్టబద్ధం.

చిన్నాన్నకి నేను డబ్బిస్తానన్నాను. ఒప్పుకోలేదు, అన్న కొడుకు దగ్గర తీసుకోనన్నాడు. రెండు రోజుల తరవాత కాశీబుగ్గలో పప్పు వ్యాపారి దగ్గరికి నన్నే తీసుకెళ్ళాడు. ఆయన గల్లాపెట్టె పక్కన అదే ఎర్రగుడ్డ పుస్తకం. ముప్పై ఆరు వేలు, రెండు రూపాయల వడ్డీ, పంటకి జమ. కాగితం మీద లేని షరతు ఒకటుంది, పిక్కలు ఆయనకే కొలవాలి. 80 కిలోల బస్తాకి ధర ఎంతన్నది అప్పుడు మాట్లాడుకోలేదు. నేను అడగబోతే చిన్నాన్న నా మోచెయ్యి నొక్కాడు.

కార్డు బాకీ తీర్చి, మూసెయ్యమని ఉత్తరం పెట్టాం. ఏడు పనిదినాల్లో మూయకపోతే రోజుకి 500 చొప్పున ఖాతాదారుకి కట్టాలని 2022 నుంచి రిజర్వు బ్యాంకు నియమం ఉంది. ఉత్తరంలో దాన్ని ఉదహరించాను, ఆరో రోజున మూశారు. మూసేశామని వచ్చిన మెసేజ్ చదివి వినిపించాను.

"మరి నా పాయింట్లేటయినాయిరా?" అన్నాడు.

"కార్డుతోపాటే పోయాయి చిన్నాన్నా."

"పోనీలే" అని ఫ్రిజ్ తెరిచి నాకు మజ్జిగ తెచ్చిచ్చాడు.