చిరంజీవులు అతిథులైన పండుగ

నేడు నగరములలో పిల్లల జన్మదినోత్సవమునకు మాయాకథాలోకమును అలంకారముగా నేర్పఱచుట పరిపాటి యైనది. గోడలపై కాగితపు కోటలు, వేదికపై రెక్కల గుఱ్ఱములు, నడుమ కొవ్వొత్తులు నిలిపిన కేకు, దాని చెంత కిరీటము ధరించిన బిడ్డ. ఇదంతయు పాశ్చాత్యుల వలన నిన్న మొన్న మనకబ్బిన వేడుక యని పెద్దలనేకులు తలంతురు. కేకు విషయమున ఆ మాట సత్యమే. జర్మను దేశమున 18వ శతాబ్ది నాటికే బిడ్డల పుట్టినదినమున కేకుపై వత్తులు వెలిగించు ఆచారము కలదు. ఆ దేశమందే గ్రిమ్ సోదరులు 1812లో ప్రకటింప నారంభించిన కథలలోని స్నో వైట్, 1937 నాటి వాల్ట్ డిస్నీ చలనచిత్రము మూలమున లోకమందలి పిల్లలకెల్ల పరిచిత యయ్యెను. కాని పుట్టినదినమున కథలలోని వారిని ఇంటికి పిలుచుట యను భావము మనకు ఎరవు సొమ్ము కాదు.

కమలాకరభట్టు 1612లో రచించిన నిర్ణయసింధువునందు జన్మదినకృత్యము వివరింపబడినది. ఆ సంప్రదాయము ననుసరించి, ఏటేట జన్మదినము వచ్చినపుడు బిడ్డకు తలంటి నీళ్లు పోసి, క్రొత్తబట్టలు కట్టి, గణపతిని కులదేవతను పూజించి, శిశురక్షకురాలగు షష్ఠీదేవికి పెరుగన్నము నివేదించి, పిమ్మట మార్కండేయునితో కూడ అశ్వత్థామ, బలి, వ్యాసుడు, హనుమంతుడు, విభీషణుడు, కృపుడు, పరశురాముడు అను సప్తచిరంజీవులను ఆవాహనము చేసి, నువ్వులు బెల్లము కలిపిన పాలను బిడ్డచే త్రావింతురు. ఆనాడు గోళ్లు తీయుట, క్షౌరము, ప్రయాణము, కలహము, హింస నిషిద్ధములు.

ఈ అతిథులెవరో యొక్కసారి తలచి చూడుడు. మూడడుగుల నేల దానమిచ్చి పాతాళమునకేగిన చక్రవర్తి. సముద్రమును లంఘించిన వానరవీరుడు. అన్నను విడిచి ధర్మము నాశ్రయించిన రాక్షసుడు. గండ్రగొడ్డలి పూనిన బ్రాహ్మణుడు. పదునారేండ్లకే ఆయువు తీఱునని తెలిసియు శివలింగమును కౌగిలించుకొని యముని పాశమును తప్పించుకొన్న బాలుడు మార్కండేయుడు వీరి నడుమ ఉండుట సహజమే. కాని అశ్వత్థామ యేల? నిద్రించుచున్న ఉపపాండవులను వధించి, ఉత్తర గర్భమందున్న శిశువుపై సైతము అస్త్రము ప్రయోగించిన వానిని, ఒక శిశువు దీర్ఘాయువును కోరుచు పిలుచుట మొదట వింతగా తోచును. చిరంజీవిత్వము అతనికి వరము కాదు, శాపము. అయినను మన పూర్వులు అతనిని పట్టికనుండి తొలగింపలేదు. పసివానికి మంచివారి కథలే చాలునని వారు భావింపలేదనియు, ఆయువు ఎంత గొప్పదో అంత భారమైనదియు కాగలదని తెలిసియే కథను సమగ్రముగా బిడ్డ ముంగిట నిలిపిరనియు నా విశ్వాసము.

కథను కన్నులకు కట్టించు అలంకరణము సైతము మన యిండ్లకు క్రొత్త కాదు. భోగినాటి సాయంకాలము పిల్లలను పీటలపై కూర్చుండబెట్టి, పేరంటాండ్రు రేగుపండ్లు, చెఱకుముక్కలు, పూలరేకులు, చిల్లరనాణెములు కలిపి తలపై పోయుచుండగా, ప్రక్కనే మెట్లపై బొమ్మలకొలువు తీరియుండును. అందు తెల్లపొణికి కొయ్యతో కొండపల్లి వారు చెక్కిన దశావతారములుండును, ఏటికొప్పాక లక్కపిడతలుండును. కొలువు చూడవచ్చిన పిల్లలకు ఒక్కొక్క బొమ్మను చూపి దాని కథ చెప్పుట ఇంటి అవ్వల వంతు.

ఆ చెప్పువారు క్రమముగా తగ్గినపుడు వారి స్థానమును అచ్చుపుస్తకము, ఆకాశవాణి కొంత పూరించినవి. రేడియో అన్నయ్యగా ప్రసిద్ధి కెక్కిన న్యాయపతి రాఘవరావు, రేడియో అక్కయ్య కామేశ్వరి దంపతులు 1945లో ‘బాల’ పత్రికను వెలువరించిరి. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణులు మదరాసున ‘చందమామ’ నారంభించిరి. కథకు చిత్రమును విడదీయరాని తోడుగా కూర్చినది ఈ పత్రిక. శంకర్ గీసిన విక్రమార్కుడు కత్తి దూసి, భుజమున శవముతో శ్మశానమున నడచుచుండ, దాసరి సుబ్రహ్మణ్యము ధారావాహికలకు చిత్రకారుడు ‘చిత్రా’ గీసిన బొమ్మలు ప్రాణము పోసెను. ఆ నాగిరెడ్డి చక్రపాణులే 1951లో ‘పాతాళభైరవి’ని, 1957లో ‘మాయాబజార్’ను నిర్మించిరనుట గమనింపదగినది. తెలుగుబిడ్డ మాయాలోకమునకు వాకిలి తెఱచిన వారిలో వీరిని మించినవారు లేరు.

ఇంతటి సంపద యుండగా మన పిల్లల వేదికలపై ‘పాతాళభైరవి’లోని తోటరాముడు గాని, ‘మాయాబజార్’లోని ఘటోత్కచుడు గాని, విక్రమార్కుని కథలలో చెట్టున వ్రేలాడు బేతాళుడు గాని అరుదుగా కనబడుట నాకు నిజముగా బాధ కలిగించును. స్నో వైట్‌ను పంపివేయుమని నేననను; ఆమెయు మన పిల్లలకు చెలికత్తెయే. ఆమె ప్రక్కన మార్కండేయునకును ఒక పీట వేసి, పాలగిన్నె బిడ్డ చేతికిచ్చుటకు ముందు అతని కథను మొదటినుండి తుదివరకు చెప్పు ఇండ్లు కొన్ని ఇప్పటికిని ఉన్నవి.