ప్రమోషన్ వద్దని రాసిచ్చిన కాగితం

సంక్రాంతికి పటమట వెళ్ళినప్పుడు బీరువాలో పాత ఫైలొకటి బయటపడింది. అందులో అమ్మ సంతకంతో ఒక ఉత్తరం జిరాక్సు. ఆఫీసర్ ప్రమోషన్ తనకి వద్దని బ్యాంకుకి రాసిచ్చింది. అప్పుడు నేను ఆరో క్లాసు. ప్రమోషన్ అంటే బదిలీ, బదిలీ అంటే నా స్కూలు, ఆటోనగర్‌లో నాన్న షాపు. తేల్చడానికి ఇంట్లో పది నిమిషాలు కూడా పట్టలేదంట.

ఇదంతా ఇప్పుడెందుకంటే, ఆ తర్వాత మహిళా దినోత్సవానికి మా ఆఫీసులో ఒక చర్చ పెట్టారు. ఆడవాళ్ళు పై పదవుల్లోకి ఎందుకు రావట్లేదు అని. వేదిక మీద నలుగురూ మగాళ్ళే (నవ్వకండి). "వాళ్ళకి యాంబిషన్ తక్కువండీ" అని తేల్చేశాడొకాయన.

నాకు ఇండియన్ బ్యాంకు గుర్తొచ్చింది. 1969లో జాతీయం చేసిన 14 బ్యాంకుల్లో అదొకటి. ఆ తర్వాత బ్రాంచీలు ఊరూరా వచ్చాయి, రాతపరీక్ష పెట్టి ఉద్యోగాలిచ్చారు. డిగ్రీ చదివిన అమ్మాయి సిఫార్సు లేకుండా కౌంటర్లో కూర్చోగలిగింది. 2000లో ఆ బ్యాంకు నష్టాల్లో మునిగి ఉంటే పగ్గాలు రంజనా కుమార్‌కి ఇచ్చారు. ప్రభుత్వ రంగ బ్యాంకుకి ఛైర్మన్ అయిన మొదటి మహిళ ఆవిడే. బ్యాంకుని లాభాల్లోకి తెచ్చి మరీ వెళ్ళింది.

2018లో అదే కుర్చీలోకి మన తెలుగావిడ, పద్మజ చుండూరు వచ్చారు. ఆంధ్రా యూనివర్సిటీలో ఎంకాం, 1984లో స్టేట్ బ్యాంకులో ప్రొబేషనరీ ఆఫీసర్, తర్వాత అమెరికాలో ఆ బ్యాంకు వ్యవహారాలు. 2020 ఏప్రిల్ 1న అలహాబాద్ బ్యాంకు ఇందులో కలిసింది, లాక్‌డౌన్ మొదలైన వారానికి! రెండు బ్యాంకుల ఖాతాలన్నీ ఒకే సిస్టమ్‌లోకి తేవడం 2021 ఫిబ్రవరిలో పూర్తయింది. ఒక్క డేటాబేస్ మైగ్రేషన్‌కి రాత్రంతా జాగారం చేసేవాళ్ళం మనం, అదెంత పనో మీకు చెప్పక్కర్లేదు.

అంటే పరీక్షా, సీనియారిటీ ఉన్నచోట నిచ్చెన ఉంది. కానీ ప్రతి మెట్టుకీ ఒక బదిలీ. ఎక్కినవాళ్ళ పేర్లు మనకి తెలుసు, మెట్టు దగ్గర ఆగిపోయినవాళ్ళవి ఫైళ్ళలో ఉన్నాయి. స్టేట్ బ్యాంకులో పిల్లల కోసం, పెద్దవాళ్ళ కోసం ఆడవాళ్ళు రెండేళ్ళ దాకా సెలవు తీసుకుని తిరిగొచ్చే వీలుంది. నాకు తెలిసి పనికొచ్చే విరుగుడు అలాంటిదే. 2013 కంపెనీల చట్టం లిస్టెడ్ కంపెనీల బోర్డుల్లో ఒక్క మహిళైనా ఉండాలంది. చాలాచోట్ల ఓనర్ల ఇంటి ఆడవాళ్ళనే కూర్చోబెట్టారు. సర్పంచ్ గారి భర్త కథే, కాస్త టై కట్టుకుని వచ్చిందంతే.

ఫైలు చూపించి "ఇప్పుడైతే వెళ్ళేదానివా అమ్మా?" అనడిగాను.

"శుభ్రంగా వెళ్ళేదాన్ని. మీ నాన్నకి అన్నం వండటం నేర్పేసి" అంది. నాన్న పేపర్లోంచి తలెత్తలేదు.