నడిచినందుకు జైలు

మాంచెస్టరుకో షెఫీల్డుకో ఆన్‌సైటు వెళ్ళిన మనవాళ్ళలో చాలామంది ఏదో ఒక వీకెండు పీక్ డిస్ట్రిక్టు చూసే ఉంటారు. కొండెక్కి, ఫోటోలు దిగి, ఫ్లాస్కులో కాఫీ తాగేసి వచ్చి ఉంటారు. నేనూ అంతే. అక్కడ నడిచినందుకు ఒకప్పుడు మనుషుల్ని జైల్లో పెట్టారని ఆ తర్వాతెప్పుడో చదివాను. చదివాక ఊరుకోబుద్ధి కాలేదు.

ఆ కొండ పేరు కిండర్ స్కౌట్. ఎత్తు 636 మీటర్లే, మన తిరుమల కొండ కంటే కూడా తక్కువ. పైన చెట్టూ చేమా పెద్దగా ఉండవు, బురదా పొదలూ తప్ప. అలాంటి ఉమ్మడి నేలలు ఎన్‌క్లోజర్ చట్టాల పుణ్యమా అని 18, 19 శతాబ్దాల్లో పెద్ద పెద్ద జమీందార్ల చేతుల్లోకి వెళ్ళిపోయాయి. 1930ల నాటికి ఇక్కడి భూమి డెవన్‌షైర్ డ్యూకు గారిది. ఆయనకీ ఆయన అతిథులకీ గ్రౌస్ అనే పక్షుల వేట సరదా. ఏడాదిలో కొద్ది రోజులు సాగే ఆ సరదా కోసం ఏడాదంతా కర్రలు పట్టుకున్న కాపలావాళ్ళు!

కొండకి అటొకటీ ఇటొకటీ, మాంచెస్టరు, షెఫీల్డు. వారమంతా మిల్లుల్లో, వర్క్‌షాపుల్లో పొగ పీల్చే జనానికి దొరికేది ఒక్క ఆదివారం. కళ్ళ ముందే కొండ, కాలు పెట్టడానికి లేదు. నడిచే హక్కు కోసం జేమ్స్ బ్రైస్ అనే ఎంపీ 1884లోనే పార్లమెంటులో బిల్లు పెట్టాడు. అది పాసవలేదు. మళ్ళీ మళ్ళీ పెట్టినా అదే గతి.

1932 ఏప్రిల్ 24, ఆదివారం. బెన్నీ రాత్‌మన్ అనే ఇరవై ఏళ్ళ మాంచెస్టరు కుర్రాడు, వెనక సుమారు 400 మంది. రైలెక్కితే స్టేషన్లోనే పట్టుకుంటారని కుర్రాడు సైకిలు తొక్కుకుంటూ హేఫీల్డు చేరాడు. అక్కడి క్వారీలో నిలబడి ఉపన్యాసం ఇచ్చి, అందరితో కలిసి కొండెక్కడం మొదలుపెట్టాడు. కాపలావాళ్ళతో తోపులాటైంది, ఒకతనికి దెబ్బ తగిలింది. ఆరుగురిని అరెస్టు చేశారు.

అసలు విడ్డూరం ఇక్కడుంది. ఇంకొకరి భూమిలోకి వెళ్ళడం అప్పటి ఇంగ్లీషు చట్టం ప్రకారం నేరమే కాదు, సివిల్ వ్యవహారం! అంచేత అల్లరి మూకగా చేరారనీ, దాడి చేశారనీ కేసులు పెట్టారు. జులైలో డెర్బీ కోర్టు ఐదుగురికి రెండు నుంచి ఆరు నెలల శిక్ష వేసింది. రాత్‌మన్‌కి నాలుగు నెలలు.

(అదే దొరతనం 1882లో మద్రాసు అటవీ చట్టం తెచ్చి మన మన్యం వాళ్ళకి అడవిలో పోడు వ్యవసాయాన్నీ, వంటచెరుకునీ కట్టడి చేసింది. అక్కడ పోయింది ఆదివారం షికారు, ఇక్కడ పోయింది తిండి. అక్కడ నాలుగు నెలల జైలు, ఇక్కడ 1924లో సీతారామరాజు మీద తుపాకీ. రెంటినీ ఒకే గాటన కట్టలేం, కానీ కంచె వేసిన బుద్ధి ఒకటే అని నాకనిపిస్తుంది.)

తమాషా ఏంటంటే, అప్పటికే ఉన్న నడక సంఘాల పెద్దలకి ఈ కుర్రాళ్ళ దూకుడు నచ్చలేదు. ఏళ్ళ తరబడి నెమ్మదిగా నడుపుతున్న మంతనాలు చెడిపోతాయని వాళ్ళ భయం. టామ్ స్టీఫెన్‌సన్ అనే జర్నలిస్టుదీ ఆ మెత్తటి దారే. అమెరికాలో అప్పలాచియన్ ట్రైల్ ఉంది కదా, మీ దగ్గర అలాంటిదేమైనా ఉందా అని ఇద్దరు అమెరికన్ అమ్మాయిలు ఉత్తరం రాస్తే, ఆయన 1935లో డైలీ హెరాల్డులో ఒక వ్యాసం రాశాడు. ఇంగ్లండు వెన్నెముకలాంటి పెన్నైన్ కొండల మీదుగా స్కాట్లండు దాకా ఒక దారి కావాలని.

ఐడియా 1935లో, రిలీజు 1965లో! మధ్యలో యుద్ధం, 1949 నాటి నేషనల్ పార్కుల చట్టం, భూస్వాములతో ఒక్కో ముక్క దారికీ బేరాలు. 268 మైళ్ళ పెన్నైన్ వే తెరుచుకున్నది కూడా ఏప్రిల్ 24నే. దూకినవాళ్ళదా, ఓపిగ్గా మాట్లాడినవాళ్ళదా ఈ గెలుపు అని అక్కడ ఇప్పటికీ వాదించుకుంటారు. అటువైపు దూకేవాళ్ళు లేకపోతే ఇటువైపు మాట్లాడేవాళ్ళ మాట ఎవరూ వినరని నా లెక్క.

ఇంకో సంగతి నాకు భలే నచ్చింది. నడిచేవాళ్ళు ఎక్కువై కొండ మీద బురద మోకాళ్ళ లోతైతే, కూలగొట్టిన పాత నూలు మిల్లుల నాపరాళ్ళు హెలికాప్టర్లలో తెచ్చి పరిచారు. మిల్లు కూలీల కాళ్ళకింద అరిగిన రాళ్ళే!

పర్వతాలూ బీడు నేలల మీద స్వేచ్ఛగా తిరిగే హక్కు 2000లో చట్టమైంది. 2002లో, డెబ్భై ఏళ్ళ సభలో, అప్పటి డెవన్‌షైర్ డ్యూకు తన తాత చేసిన పనికి బహిరంగంగా క్షమాపణ చెప్పాడు. రాత్‌మన్ ఆ ఏడాది జనవరిలోనే పోయాడు, వినలేదు.

ఇంతా చేస్తే ఆ హక్కు వర్తించేది ఇంగ్లండులో సుమారు 8 శాతం నేలకే. పక్కనున్న స్కాట్లండు 2003లో దాదాపు అన్నిచోట్లా ఇచ్చేసింది. డార్ట్‌మూర్‌లో రాత్రి టెంటు వేసుకోవచ్చా కూడదా అని ఒక భూస్వామి వేసిన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళి, 2025 మేలో వేసుకోవచ్చని తీర్పొచ్చింది.