డాఫిన్ ఆదాయ హామీ ప్రయోగం: విస్మృత పత్రాల సాక్ష్యం

కెనడాలోని మానిటోబా రాష్ట్రంలో 1974లో ‘మిన్‌కమ్’ ప్రయోగం ఆరంభమైంది. డాఫిన్ పట్టణంలో తక్కువ ఆదాయం గల ఏ కుటుంబమైనా, పని చేయాలనే షరతు లేకుండా, నెలనెలా నగదు పొందే వీలు కల్పించారు. సొంత సంపాదన పెరిగేకొద్దీ ఆ మొత్తం తగ్గేది. ఇటువంటి హామీ ఉంటే జనం పని మానుకుంటారా అన్నదే నాటి పాలకుల ప్రధాన ప్రశ్న. 1979లో ప్రయోగం ముగిసింది. తుది నివేదిక వెలువడలేదు. పత్రాలు పెట్టెలకే పరిమితమయ్యాయి.

దశాబ్దాల అనంతరం ఆర్థికవేత్త ఎవలిన్ ఫోర్జే నాటి ప్రభుత్వ ఆరోగ్య బీమా రికార్డులను పరిశీలించారు. పోలికకు ఎంచుకున్న ఇతర ప్రాంతవాసులకంటే డాఫిన్ వాసులు ఆసుపత్రిలో చేరడం 8.5 శాతం తగ్గిందని 2011లో వెల్లడించారు. ప్రమాదాలు, గాయాలు, మానసిక అనారోగ్యాల విషయంలో ఈ తగ్గుదల స్పష్టం.

పాలకులు పనిగంటలను ప్రశ్నించారు; ఆసుపత్రి దస్త్రాలు మరో సమాధానం చెప్పాయి. నగదు సాయాన్ని అంచనా వేసేటప్పుడు ఏ ప్రశ్న అడిగామన్నది, ఏ పత్రాన్ని భద్రపరిచామన్నది కూడా ఫలితంలో భాగమేనని డాఫిన్ చరిత్ర నిరూపిస్తోంది.