పాత చీటీలు, కొత్త జిల్లాలు

2016 అక్టోబరు 11కు ముందు జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి పేర్లతో జిల్లాలు లేవు. అంతకు పూర్వపు వైద్య పత్రాలపై చాలావరకు వరంగల్ అనీ, గార్ల, బయ్యారం వారివైతే ఖమ్మం అనీ ఉంటుంది. ములుగు వారి కథ మరీ విచిత్రం: మొదట వరంగల్, 2016లో భూపాలపల్లి, 2019 ఫిబ్రవరి నుంచి ములుగు. మనిషి కదలలేదు; జిల్లాయే మారింది.

ఈ పత్రాలను ఏఐ సహాయకునికి చూపేవారు ఆ సంగతిని ముందుగానే తెలపాలి. లేకుంటే అది వాటిని వేర్వేరు రోగులవిగా భావించవచ్చు. 2015లో 0.9 ఉన్న క్రియాటినిన్ నేడు 1.6 అయిందనుకోండి; పాత పత్రం పక్కకు పోతే మూత్రపిండాలు ఎంతగా దెబ్బతిన్నదీ తెలియదు. కాబట్టి పేరును, ఆధార్ సంఖ్యను కప్పి, పత్రాలన్నిటిపై ఒకే గుర్తు వేసి, కాలక్రమంలో పేర్చి ఫొటోలు తీయండి. తేదీని మాత్రం కప్పకండి.