పద్యాల కన్నా పెద్దది బొమ్మలగుట్ట

కరీంనగర్ జిల్లా గంగాధర మండలంలో, కురిక్యాల దగ్గరున్న బొమ్మలగుట్ట ఎత్తులో గొప్పదేమీ కాదు. ఆ మైదానంలో అలాంటి రాతిగుట్టలు కొల్లలు. సాహిత్య చరిత్రలో మాత్రం దానికి పెద్దపీట వేశాం. క్రీ.శ. 945 ప్రాంతంలో జినవల్లభుడు అక్కడ వేయించిన శాసనంలో సంస్కృత, కన్నడ భాగాలతో పాటు మూడు తెలుగు కందాలున్నాయి. నన్నయకు సుమారు వందేళ్ల ముందే కందం నడక ఇంత కుదిరిందా అని మురిశాం, ప్రాచీన హోదా చర్చల్లో సాక్ష్యంగా చూపాం. అంతటితో గుట్టను మరిచాం. పద్యాల వయసు ఒక్కటే లెక్కకు వస్తే ఆ శాసనాన్ని సగమే చదివినట్టు.

మిగతా సగంలో ఒక ఊరి నిర్మాణముంది. జినవల్లభుడు కన్నడ ఆదికవి పంపడి తమ్ముడు. వారి పూర్వీకులది వేంగినాటి కమ్మనాడులోని వంగిపర్రు. వేములవాడ చాళుక్య రాజు రెండవ అరికేసరి పంపడికి ధర్మపురిని అగ్రహారంగా ఇచ్చాడు. తమ్ముడు ఇక్కడ త్రిభువనతిలక బసదిని, కవితాగుణార్ణవ చెరువును, మదనవిలాస తోటను ఏర్పాటు చేశాడు. కవితాగుణార్ణవుడన్నది అన్న బిరుదే. గుట్ట మీద చక్రేశ్వరినీ తీర్థంకరులనూ చెక్కించాడు. గుడి, చెరువు, తోట, గుట్ట ఒకే శాసనంలో కలిసి రావడం కాకతాళీయం అనుకోను. రాతి మీద పడ్డ వాన ఇంకదు, పల్లానికి జారుతుంది. తెలంగాణలో చెరువు కట్టేవాళ్లు వెతికేది అలాంటి వాలునే. అంటే ఈ గుట్టను పూజకూ వ్యవసాయానికీ కలిపి చూడాలి.

పంపడి కుటుంబం కన్నడిగులదా, తెలుగువారిదా అన్న తగువు ఇక్కడ అనవసరం. మూడు భాషలూ ఒకే బండ మీద ఇమిడాయి. గుట్టనంతా కాపాడాలంటే వచ్చే గట్టి అభ్యంతరం వేరే ఉంది. శాసనం నకళ్లు తీశారు కదా, చెక్కిన బండను కాపాడితే చాలదా, గుట్టలను తవ్వి తీసే గ్రానైట్ ఎందరికో బువ్వ పెడుతోంది కదా అంటారు. గ్రానైట్ బతుకుదెరువు అబద్ధం కాదు. కానీ ఆ రాయి దొరికే గుట్టలు జిల్లాలో ఇంకా ఉన్నాయి, ఈ శాసనమున్న గుట్ట ఒక్కటే. నకలు అక్షరాలను దాస్తుంది. నీటి వాలును, బొమ్మలు చూసే దిక్కును దాచలేదు. రక్షణ హద్దు చెక్కిన బండ దగ్గర ఆగకుండా గుట్ట పాదం, దాని కింది పొలాల దాకా సాగాలి.